బైక్ చక్రానికి పాలిష్ పట్టే ముందు పైపూత ఏమిటో చూడండి

బైక్ చక్రాలు మురికి పట్టి పాడయ్యేది తక్కువ, ఆ మురికిని తప్పుగా వదిలించబోయి పాడుచేసుకునేదే ఎక్కువ. బెంగళూరు రోడ్ల ఎర్రమట్టి, మెట్రో పనుల సిమెంటు దుమ్ము వారాల తరబడి పట్టి ఉన్నా ఓపికగా కడిగితే చాలావరకు పోతాయి. టాయిలెట్ క్లీనర్ పోస్తే పోయిన క్రోమ్ మాత్రం తిరిగి రాదు. కాబట్టి పాలిష్ డబ్బా మూత తీయకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. మీరు రుద్దబోయేది రంగా, లక్కరా (వార్నిష్ లాంటి పారదర్శక పూత), క్రోమా, పూత లేని ఒట్టి అల్యూమినియమా? దాన్ని బట్టి చేయాల్సిన పని మారుతుంది.

అయస్కాంతం, తెల్లగుడ్డ

ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న అయస్కాంతం తెచ్చి రిమ్ముకు ఆనించండి. పట్టుకుంటే లోపల స్టీలు, పైన మెరిసేది క్రోమ్. స్పోకుల చక్రాలున్న కమ్యూటర్ బండ్లు (రోజువారీ తిరుగుళ్లకు వాడే చిన్న బైకులు), పాత బుల్లెట్లు ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి. పట్టుకోకపోతే అల్యూమినియం. అప్పుడు ఇంకో పరీక్ష చేయాలి. తెల్లటి నూలుగుడ్డకు వేరుశనగ గింజంత మెటల్ పాలిష్ అద్ది, కంటికి ఆనని చోట పది సెకన్లు రుద్దండి. గుడ్డ నల్లగా మారితే అది పూత లేని లోహం. తెల్లగానే ఉంటే పైన లక్కర్ ఉంది. చక్రం రంగే గుడ్డకు దిగితే అది పెయింటు. అక్కడితో మెటల్ పాలిష్ పక్కన పెట్టేయండి.

ఎక్కువమంది పొరపడేది రెండు రంగుల అల్లాయ్ (పోత అల్యూమినియం) చక్రాల దగ్గర. లోపలంతా నలుపు, ముఖం మాత్రం లేత్ మీద కోసినట్టు తళతళలాడుతుంటుంది. చూడ్డానికి ఒట్టి లోహంలా ఉన్నా దాని మీద పారదర్శకమైన లక్కర్ ఉంటుంది. మెటల్ పాలిష్ ఆ లక్కర్‌నే అరగదీస్తుంది. రాయి తగిలి ఎక్కడైనా లక్కర్ చిట్లి ఉంటే ఆ సందులోంచి తేమ దూరి, కిందుగా తెల్లటి పురుగు పాకినట్టు గీతలు కడుతుంది. అవి లక్కర్ కింద ఉన్నాయి కాబట్టి పైన ఎంత రుద్దినా పోవు. పూత మొత్తం తీసి మళ్లీ వేయించడమే దారి. కొత్తగా చిట్లిన చోటైతే కడిగి బాగా ఆరబెట్టి, సన్నని బ్రష్షుతో ఒక చుక్క క్లియర్ లక్కర్ పెడితే ఆ పాకుడు ఆగుతుంది. ఇది చిన్న పని. వానాకాలానికి ముందే చేయాలి.

నీళ్లు

2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటితో వాహనాలు కడగడాన్ని బెంగళూరు జలమండలి నిషేధించింది, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే ఉత్తర్వు వచ్చింది. నిషేధం ఉన్నా లేకపోయినా రెండు చక్రాలకు పైపు అక్కర్లేదు. రెండు బకెట్లలో సగం సగం, మొత్తం 15 లీటర్లు చాలు. ఒక దాంట్లో షాంపూ నీళ్లు, ఇంకో దాంట్లో బ్రష్షు జాడించుకోవడానికి ఒట్టి నీళ్లు. రెండోది ఉండటం వల్లే మట్టి రేణువులు మళ్లీ చక్రం మీదికి ఎక్కవు.

మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. చుక్కలు చుక్కలుగా ఆరితే నల్ల అల్లాయ్ మీద తెల్లటి వలయాలు మిగులుతాయి, ఎండ తగిలితే గార కడతాయి. కడగడానికి బోరు నీళ్లు వాడుకోవచ్చు గానీ చివరి తుడుపుకు మాత్రం ఆర్‌ఓ ఫిల్టరు నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో ఒక లీటరు పక్కన పెట్టుకోండి. ఆర్‌ఓ నుంచి వృథాగా పోయే నీళ్లు మొదటి తడుపుకు పనికొస్తాయి, చివరికి పనికిరావు. ఖనిజాలు వాటిలో ఇంకా చిక్కగా ఉంటాయి.

గార ఇప్పటికే పట్టి ఉంటే తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపి గుడ్డతో అద్ది, ఒక్క నిమిషం ఉంచి కడిగేయండి. క్రోమ్‌కూ లక్కర్‌కూ ఇది చాలు. ఒట్టి అల్యూమినియం మీద ఎక్కువసేపు ఉంచితే మసకేస్తుంది.

కడగడం

ముందుగా ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. డబుల్ స్టాండు వేసి, ఇంజను ఆన్‌లో ఉంచి గేరు వేసి, తిరుగుతున్న వెనక చక్రానికి గుడ్డ పట్టి తుడిచే అలవాటు చాలా చోట్ల ఉంది. గుడ్డ చైనుకూ స్ప్రాకెట్‌కూ మధ్య ఇరుక్కుంటే చేయి లాక్కునే వ్యవధి ఉండదు, వేళ్లు పోతాయి. న్యూట్రల్‌లో పెట్టి చేత్తోనే తిప్పండి. డబుల్ స్టాండు లేని బండి అయితే సైడు స్టాండు మీదే పావు చుట్టు శుభ్రం చేసి, బండిని అడుగున్నర ముందుకు నడిపి, మళ్లీ పావు చుట్టు చేయండి.

బండి తిరిగి వచ్చిన వెంటనే నీళ్లు పోయొద్దు. కనీసం అరగంట చల్లారనివ్వాలి. వేడి చక్రం మీద షాంపూ క్షణాల్లో ఎండి మరకవుతుంది, వేడి డిస్కు మీద చన్నీళ్లు పడటం కూడా మంచిది కాదు. నీడ ఉన్న చోట, పొద్దున్నే చేసుకుంటే సుఖం.

చైను శుభ్రం చేసేది ఉంటే చక్రం కంటే ముందు అదే చేయండి. వెనక అట్ట అడ్డం పెట్టినా కొంత నల్ల మడ్డి రిమ్ము మీద పడక మానదు.

ఇక కడగడం. మగ్గుతో నీళ్లు పోసి ఎర్రమట్టిని రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. ఎండు మట్టి మీద గుడ్డ వేసి రుద్దితే అందులోని ఇసుక రేణువులే గీతలు పెడతాయి. కారు షాంపూ 5 లీటర్లకు 10 మి.లీ. సరిపోతుంది. బట్టల సబ్బుపొడి వాడొద్దు. దాని క్షారం అల్యూమినియాన్ని మసకబారుస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఎప్పుడైనా ఒకసారి ఫరవాలేదు గానీ అది చక్రం మీది మైనాన్ని కూడా తీసేస్తుంది. గిన్నెల స్టీలు పీచు అసలే తగలనివ్వొద్దు.

బ్రష్షుకు ప్రత్యేకంగా ఏదీ కొననక్కర్లేదు. అంగుళంన్నర పెయింటు బ్రష్షు తీసుకుని, దాని ఇనుప పట్టీ చుట్టూ ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టండి. టేపు లేకపోతే కుచ్చు మెత్తగా తగులుతున్నా ఆ పట్టీ అంచు అల్లాయ్ మీద గీతలు గీస్తుంది. స్పోకు మొదట్లో ఉండే నిపుల్స్ దగ్గరికి పాత టూత్‌బ్రష్షు. కమ్యూటర్ బండి చక్రానికి సాధారణంగా 36 స్పోకులుంటాయి, మురికంతా ఆ మొదళ్లలోనే పేరుకుంటుంది. అక్కడ తడి నిలిస్తే తుప్పు మొదలయ్యేదీ అక్కడే. ఎలాగూ ఒక్కొక్క స్పోకు దగ్గరికీ వెళ్తున్నారు కాబట్టి స్పానరుతో ఒక్కోదాన్ని మెల్లగా తట్టి చూడండి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా మోగుతుంది. రెండు మూడు అలా కనిపిస్తే మీరే బిగించొద్దు, రిమ్ము అవుట్ (వంకర) తీసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

వాటర్ సర్వీసుకు ఇస్తే ప్రెషర్ గన్‌ను యాక్సిల్ దగ్గర, హబ్ సీళ్ల మీద పట్టొద్దని చెప్పండి. ఆ ఒత్తిడికి నీళ్లు సీలు దాటి బేరింగు గ్రీజును కడిగేస్తాయి. కొన్ని నెలలకు చక్రం గరగరమంటుంది. డీజిల్ స్ప్రే కొడతామంటే చక్రాలకు వద్దనండి, అది బ్రేకుల మీద, టైరు మీద జిడ్డు వదులుతుంది.

ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి డిస్కు పక్కనే రంధ్రాల రింగు, దానికి ఎదురుగా చిన్న సెన్సరు ఉంటాయి. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఈమధ్యవాటిలో ఉంటాయి. అక్కడ మెత్తని బ్రష్షు సరే, స్క్రూడ్రైవరుతో కెలకొద్దు. పాలిష్ ముద్ద ఆ రంధ్రాల్లో చేరకుండా చూసుకోండి.

డిస్కు వైపు రిమ్ము మీద ఎంత కడిగినా పోని గోధుమరంగు చుక్కలు బ్రేకు ప్యాడ్ల ఇనుప రజను. పూత ఉన్న చక్రానికైతే ఐరన్ రిమూవర్ కొట్టండి. ఇనుము ఉన్న చోట ద్రవం ఊదారంగుకు తిరుగుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి, ఎండకముందే బాగా కడిగేయాలి. వాసన ఘాటుగా ఉంటుంది, తొడుగులు వేసుకుని గాలి ఆడే చోట చేయండి. డ్రమ్ బ్రేకు విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలితో ఊదడం మాత్రం ఊపిరితిత్తులకు చేటు, తడిగుడ్డతో తీయండి.

తారు, చైను జిడ్డు, సిమెంటు

తారు చుక్కలకు, చైను లూబ్ మడ్డికి పెయింట్ల షాపులో దొరికే ఎంటీఓ, అంటే మినరల్ టర్పెంటైన్, 100 మి.లీ. కొంటే నెలల తరబడి వస్తుంది. గుడ్డకు కొద్దిగా అద్ది తారు మీద అరనిమిషం ఆనించి ఉంచండి, మెత్తబడ్డాక ఒక్క తుడుపుకు వస్తుంది. తర్వాత షాంపూ నీళ్లతో ఆ జిడ్డు పోగొట్టాలి. టైరుకూ డిస్కుకూ తగలకూడదు. పెట్రోలు వద్దు. నిప్పు భయం ఒకటైతే, పెయింటును మెత్తబరచడం ఇంకొకటి.

సిమెంటు బెంగళూరు బండ్లకు ప్రత్యేకమైన బెడద. వైట్‌టాపింగ్ (తారు రోడ్డు మీద కాంక్రీటు పొర వేయడం) జరుగుతున్న వీధుల్లో చిమ్మే సిమెంటు పాలు ఒకటి, అపార్ట్‌మెంటు బేస్‌మెంట్లలో పైకప్పు స్లాబు నుంచి కారే తెల్లటి చుక్కలు ఇంకొకటి. రెండోదే ప్రమాదం. స్లాబులోంచి సున్నాన్ని కరిగించుకుని వచ్చే ఆ నీళ్లు గాఢమైన క్షారం, పెయింటునూ అల్యూమినియాన్నీ తినేస్తాయి. గోటితో, బ్లేడుతో గీకొద్దు. ఇందాక చెప్పిన వెనిగర్ నీళ్లలో తడిపిన గుడ్డను దాని మీద రెండు నిమిషాలు పరిచి, తీసి కడిగి, అవసరమైతే మళ్లీ పరచండి. ఒట్టి అల్యూమినియమైతే ఒక్క నిమిషానికే కడిగేస్తూ ఉండాలి. బండిని ఇంకో చోట నిలిపే ఏర్పాటు కూడా చూడండి.

క్రోమ్

క్రోమ్ అంటే స్టీలు మీద మందంగా నికెల్, దాని మీద ఒక మైక్రాన్ కూడా లేని క్రోమియం పొర. ఆ పొరకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. తేమ వాటిగుండా స్టీలును చేరితే నారింజరంగు చుక్కలుగా బయటికి వస్తుంది. టాయిలెట్ క్లీనర్లలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆ చుక్కలను మాయం చేస్తుంది, నిజమే. వాటితోపాటు క్రోమియాన్ని కూడా కరిగిస్తుంది. రంధ్రం పెద్దదవుతుంది, కొన్నాళ్లకే తుప్పు రెండింతలై వస్తుంది. దాని ఆవిరి పక్కనున్న స్పోకులకూ తుప్పు పట్టిస్తుంది.

దానికి బదులు వంటింటి అల్యూమినియం ఫాయిల్ అరచేయంత ముక్క చింపి, ఉండలా నలిపి, నీళ్లలో ముంచి తుప్పు చుక్క మీద గుండ్రంగా రుద్దండి. బలం పెట్టక్కర్లేదు. అల్యూమినియం క్రోమ్ కంటే చాలా మెత్తన, గీత పడదు. కాసేపటికి బూడిదరంగు ముద్ద తయారవుతుంది, నిజానికి అదే పాలిష్‌లా పనిచేస్తుంది. ఫాయిల్ నల్లబడగానే కొత్త ముక్క తీసుకోండి. ఒక రిమ్ముకు ఏడెనిమిది ముక్కలు పట్టొచ్చు. తర్వాత కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టండి. తడి మిగిలితే తెరుచుకున్న రంధ్రాలు రాత్రికి రాత్రే మళ్లీ ఎర్రబడతాయి. ఆరాక క్రోమ్ పాలిష్ పలచగా పట్టించి, పైన మైనం.

క్రోమ్ పెచ్చులుగా లేచిన చోట పాలిష్ ఏమీ చేయలేదు. ఆ పెచ్చుల అంచులు బ్లేడులా తెగుతాయి, ఒట్టి చేత్తో తుడవొద్దు. మళ్లీ క్రోమ్ వేయించాలంటే పీణ్యా పారిశ్రామిక వాడ వైపు ప్లేటింగ్ చేసే యూనిట్లున్నాయి. కాకపోతే స్పోకులన్నీ విప్పాలి, తుప్పు గుంటలు పోయేదాకా రిమ్మును అరగదీయాలి, మళ్లీ అల్లి అవుట్ తీయాలి. అంతా చేశాక మిగిలేది పలచబడిన రిమ్ము. మామూలు కమ్యూటర్‌కైతే జేసీ రోడ్డు విడిభాగాల దుకాణాల్లో కొత్త రిమ్ము కొనడమే మంచిది. దొరకని పాత బండి రిమ్ముకే ప్లేటింగ్ ఆలోచించండి.

ట్యూబు టైరు పంక్చరు వేయించేటప్పుడు రిమ్ము లోపలి వైపు కూడా చూడండి. బయట నిగనిగలాడే రిమ్ములు చాలా వాటికి లోపల నిపుల్స్ చుట్టూ తుప్పు పొరలు ఊడుతుంటాయి. వైరు బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక పూత వేసి, ఆరాక కొత్త రిమ్ టేపు వేయించాలి. బయటి మెరుపు కంటే ఇది ముఖ్యం.

ఒట్టి అల్యూమినియం

పూత లేని రిమ్ములకు, హబ్‌లకు ఇక్కడే అసలైన పాలిష్ పని. అల్యూమినియం గాలి తగిలితే పలచని ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర రక్షణే, కానీ వానకూ దుమ్ముకూ మందమై బూడిదరంగుకు తిరుగుతుంది.

గుంటలు లేకుండా మసక మాత్రమే ఉంటే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) జోలికే పోవద్దు, నేరుగా పాలిష్. గోరు తగిలే గుంటలుంటే గరుకైన 400 నంబరుతో మొదలుపెట్టి అంతకంతకూ సన్నవైన 800, 1000, 1500, 2000 వరకు వెళ్లాలి. మామూలు గీతలే అయితే 1000తో మొదలుపెట్టండి. నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి పేపరును ఎప్పుడూ తడిగా ఉంచండి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ అడ్డంగా మార్చండి. అప్పుడే వెనకటి గీతలు పోయాయో లేదో కనిపిస్తుంది. చాలామంది తొందరపడేది ఇక్కడే. 400 గీతలు ఒక్కటి మిగిలినా 2000 దాకా వెళ్లి పాలిష్ పట్టాక ఎండలో అదే కొట్టొచ్చినట్టు కనబడుతుంది, మళ్లీ మొదటికి రావాల్సిందే. టైరు కూర్చునే లోపలి అంచును అరగదీయొద్దు. టైరు గోడకు మాస్కింగ్ టేపు, డిస్కుకు ప్లాస్టిక్ కవరు తొడగండి.

పాలిష్‌కు ఆటోసాల్ లాంటి పేస్టు మంచిది. బ్రాసో కూడా పనిచేస్తుంది గానీ అందులో అమ్మోనియా ఉంటుంది, సందుల్లో నిలవనీయకుండా తుడిచి కడిగేయాలి. అరచేయంత చోటుకు బఠాణీ గింజంత. రెండు రిమ్ములకు కలిపి 30 గ్రాములు దాటదు, ఎక్కువ పెడితే మెరుపు పెరగదు. గుడ్డగా పాత నూలు బనియను ముక్కలు వాడండి, కుట్లూ లేబుళ్లూ కత్తిరించేసి. షాపుల్లో దొరికే వేస్టు గుడ్డలో నైలాన్ పోగులుంటాయి, చివర్లో గీతలు పెడతాయి. ముందుకూ వెనక్కూ నల్లటి ముద్ద వచ్చేదాకా రుద్ది, ఆ ముద్ద పలచబడటం మొదలుకాగానే, ఎండకముందే తుడిచేయండి. ఎండిపోతే గీకొద్దు, కొంచెం కొత్త పాలిష్ రాస్తే కరుగుతుంది. చివర్లో నల్లటి జిడ్డు మసక మిగులుతుంది. దాని మీద చిటికెడు మొక్కజొన్న పిండి చల్లి పొడిగుడ్డతో తుడిస్తే జిడ్డును పీల్చేసుకుని అసలు మెరుపు బయటపడుతుంది.

డ్రిల్లుకు మూడంగుళాల కాటన్ మాప్ (పాలిష్ పట్టే గుండ్రటి గుడ్డ బిళ్ల) తగిలించుకుంటే చేతి శ్రమ సగం తగ్గుతుంది. వేగం 2,000 ఆర్‌పీఎం లోపే ఉంచండి, ఒకేచోట ఆపొద్దు. అంచుల దగ్గర, స్పోకుల మధ్య మాప్ చిక్కుకుని డ్రిల్లు చేతిలోంచి ఎగురుతుంది. అక్కడ గుడ్డే వాడండి. కళ్లద్దాలు మరవొద్దు.

రంగు, మ్యాట్

రంగు, లక్కర్ ఉన్న చక్రాలకు కారు బాడీకి వాడే సన్నరకం పాలిష్ చాలు, అదీ ఏడాదికి ఒకటి రెండు సార్లు. మిగతా రోజుల్లో కడిగి మైనం పట్టించడమే. మ్యాట్ నలుపు చక్రాలకు పాలిష్, మైనం రెండూ వద్దు. రుద్దిన చోటల్లా నున్నబడి మెరిసే మచ్చలు తేలతాయి, వాటిని మళ్లీ మ్యాట్ చేయలేరు.

మైనం, బ్రేకులు

పాలిష్ పట్టిన లోహం కాపలా లేకపోతే ఒక్క వానకే మసకేస్తుంది. కారు పేస్ట్ వాక్స్ పలచగా, గుడ్డకు అంటీ అంటనట్టు పట్టించి, 10 నుంచి 15 నిమిషాలకు పొగమంచులా తెల్లబడ్డాక తుడిచేయండి. ఎండాకాలంలో నెలకోసారి, సెప్టెంబరు, అక్టోబరు వానల్లో రెండు వారాలకోసారి.

టైరుకు నల్ల మెరుపునిచ్చే డ్రెస్సింగ్ బైకుకు వద్దే వద్దు. మలుపులో బండి వాలేది టైరు పక్కల మీదే, అక్కడ సిలికాన్ ఉంటే జారుతుంది. డిస్కు మీద పాలిష్, మైనం ఏది పడినా బ్రేక్ క్లీనరు కొట్టి కొత్త గుడ్డతో తుడవండి. ప్యాడ్లు పీల్చుకుని ఉంటే తుడిచి లాభం లేదు, మార్చాలి. అంతా అయ్యాక బండిని సందులోనే నెమ్మదిగా నడిపి, ముందూ వెనకా బ్రేకులు ఐదారు సార్లు నొక్కి పట్టు వచ్చిందని తేలాకే మెయిన్ రోడ్డెక్కండి.

వెనక చక్రం మీద మళ్లీ మడ్డి పడకుండా ఉండాలంటే చైను లూబ్ కింది వరసకు లోపలి వైపు నుంచి కొట్టి, పావుగంట తర్వాత పైన మిగిలింది తుడిచేయండి. రాత్రి కొట్టి పొద్దున బండి తీస్తే ఇంకా మంచిది.

ఆయుధ పూజకు

బెంగళూరులో చక్రాలకు ఎక్కువగా పాలిష్ పట్టేది ఆయుధ పూజ ముందు రోజే, మరకలు ఎక్కువగా పడేది ఆ మర్నాడే. పసుపు మరకను సబ్బుతో రుద్దితే క్షారానికి ఎర్రబడి కంగారు పెడుతుంది. మామూలుగా కడిగి రెండు మూడు రోజులు ఎండలో నిలపండి, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. కుంకుమను ముందు పొడిబ్రష్షుతో దులిపి, ఆ తర్వాతే తడపాలి. టైరు కింద తొక్కించిన నిమ్మకాయ రసం ఒట్టి అల్యూమినియం మీద చిందితే గంటలోపు కడగండి, లేకపోతే చుక్కల మచ్చలు పడతాయి. పూజకు ముందే చక్రాలకు మైనం పట్టించి ఉంటే ఈ మూడూ సులువుగా వదులుతాయి. గంధం, కుంకుమ బొట్లు రిమ్ము మీద కాకుండా మడ్‌గార్డు మీద పెట్టుకుంటే ఇంకా మంచిది, హారతి కర్పూరం టైరుకు రెండడుగుల దూరంలో వెలిగించండి.